శిష్యులనే సంపదగా భావించిన రసాయన ఆచార్యుడు ప్రఫుల్ల చంద్ర రాయ్

భారతదేశంలో ఆధునిక రసాయన శాస్త్ర పరిశోధన ఒక వ్యక్తి ప్రయత్నంగా మొదలై, సమష్టి సంప్రదాయంగా స్థిరపడటానికి సుమారు 35 ఏళ్లు పట్టింది. 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఒక యువ అధ్యాపకుడు నెలకు 250 రూపాయల జీతంపై తాత్కాలిక ఉద్యోగంలో చేరారు. 1924లో అదే నగరంలో ఇండియన్ కెమికల్ సొసైటీ ఆవిర్భవించినప్పుడు దాని తొలి అధ్యక్షుడు కూడా ఆయనే. ఈ రెండు ఘటనల నడుమ సాగిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ జీవితం, దేశంలో రసాయన శాస్త్రవేత్తలు కలిసి పనిచేయడం నేర్చుకున్న కథ కూడా.

గ్రామం నుంచి ఎడిన్‌బరో వరకు

ప్రఫుల్ల చంద్ర రాయ్ 1861 ఆగస్టు 2న, నాటి జెస్సోర్ జిల్లాలోని రాడులి గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేడు బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో ఉంది. తండ్రి హరీశ్ చంద్ర రాయ్ భూస్వామి. పారశీక, ఆంగ్ల భాషలు తెలిసినవారు, పుస్తకప్రియుడు. తల్లి భువనమోహినీ దేవి. పిల్లల చదువుల కోసం ఆ కుటుంబం 1870లో కలకత్తాకు తరలివచ్చింది.

హేర్ పాఠశాలలో చదువుతుండగా బాలుడైన ప్రఫుల్లకు తీవ్రమైన రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. చదువు మధ్యలోనే ఆగింది. ఆ జబ్బు మిగిల్చిన అజీర్ణం, నిద్రలేమి జీవితాంతం ఆయనను వెంటాడాయి. బడికి దూరమైన ఆ రోజుల్లో తండ్రి గ్రంథాలయమే ఆయనకు పాఠశాల అయింది. చరిత్ర, సాహిత్యం, మహనీయుల జీవిత కథలు విరివిగా చదివారు. లాటిన్ భాషను సొంతంగా నేర్చుకున్నారు. అచ్చు పనివాడిగా మొదలై శాస్త్రవేత్తగా ఎదిగిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితం ఆయన మనసుపై చెరగని ముద్ర వేసింది.

ఆరోగ్యం కుదుటపడ్డాక ఆల్బర్ట్ పాఠశాలలో చేరి, తర్వాత ఈశ్వరచంద్ర విద్యాసాగర్ నడిపిన మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చదివారు. అక్కడ విజ్ఞాన శాస్త్ర బోధనకు తగిన వసతులు లేనందున, రసాయన శాస్త్ర పాఠాలు వినడానికి ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లేవారు. అక్కడ అలెగ్జాండర్ పెడ్లర్ ప్రయోగాలు చేసి చూపుతూ చెప్పిన పాఠాలు ఆయన దారిని మార్చాయి. సాహిత్యంపై మక్కువ ఉన్న యువకుడు రసాయన శాస్త్రం వైపు మళ్లారు. 1882లో గిల్‌క్రిస్ట్ ఉపకార వేతనం సాధించి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి పయనమయ్యారు.

అక్కడ గురువు అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్. 1887లో రాయ్ డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకున్నారు. రాగి, మెగ్నీషియం వర్గానికి చెందిన జంట సల్ఫేటు లవణాలు ఆయన పరిశోధనాంశం. మరుసటి ఏడాది విశ్వవిద్యాలయ కెమికల్ సొసైటీకి ఉపాధ్యక్షుడయ్యారు. ఒకరి ప్రయోగాన్ని మరొకరు ప్రశ్నించడం, సరిదిద్దడం, కొనసాగించడం అనే పద్ధతిని ఆయన దగ్గర నుంచి చూశారు. శాస్త్ర విద్యలో మునిగి ఉన్నా దేశాన్ని మరువలేదు. 1857 తిరుగుబాటుకు ముందు, తర్వాతి భారతదేశంపై వ్యాసపోటీ జరిగినప్పుడు, వలస పాలనను విమర్శిస్తూ రచన చేశారు. బహుమతి రాకపోయినా ఆ వ్యాసాన్ని అచ్చు వేయించి పంచారు.

ఒకే పని, రెండు జీతాలు

1888లో స్వదేశానికి తిరిగి వచ్చిన రాయ్‌కు దాదాపు ఏడాది పాటు ఉద్యోగం దొరకలేదు. ఆ కాలంలో చాలా రోజులు జగదీశ్ చంద్ర బోస్ ఇంట్లోనే ఉన్నారు. నాటి విద్యాశాఖలో ఉన్నత శ్రేణి ఉద్యోగాలు ఆచరణలో ఆంగ్లేయులకే దక్కేవి. అంతే అర్హతలున్న భారతీయులను తక్కువ జీతం ఉండే ప్రాంతీయ శ్రేణికి పరిమితం చేసేవారు. బోస్ ఈ వివక్షకు నిరసనగా మూడేళ్ల పాటు జీతమే తీసుకోకుండా పాఠాలు చెప్పారు. రాయ్ 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో తాత్కాలిక సహాయ ఆచార్యుడిగా చేరారు. అవమానాన్ని మరచిపోలేదు గాని, దానికి సమాధానం ప్రయోగశాలలోనే చెప్పాలని నిశ్చయించుకున్నారు.

తొలి పరిశోధనను ఇంటి వంటగదికి సంబంధించిన అంశంతోనే ఆరంభించారు. బజారులో అమ్మే నెయ్యి, ఆవనూనె వంటివాటిలో కల్తీ అప్పటికే ప్రజలను వేధిస్తోంది. కల్తీని కనిపెట్టాలంటే ముందు స్వచ్ఛమైన సరుకు లక్షణాలేమిటో తెలియాలి. అందుకే తన కళ్లెదుటే పితికించిన పాల నుంచి వెన్న తీయించి, నమ్మకమైన గానుగల నూనె తెప్పించి, వాటిని విశ్లేషించారు. ఆ ఫలితాలు 1894లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. అదే ఏడాది ప్రెసిడెన్సీ కళాశాలకు కొత్త రసాయన ప్రయోగశాల అమరింది. దాని రూపకల్పనలో ఆయన ఎడిన్‌బరో అనుభవం అక్కరకు వచ్చింది.

ఆయనకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చినది పాదరసం. మెర్క్యురస్ నైట్రేట్ లవణాన్ని ఎక్కువ మొత్తంలో తయారు చేసే ప్రయత్నంలో, పాదరసంపై నీరు కలిపిన నత్రికామ్లాన్ని పోసి మామూలు ఉష్ణోగ్రత వద్ద వదిలివేశారు. అనుకోని విధంగా పసుపుపచ్చని స్ఫటికాలు ఏర్పడ్డాయి. విశ్లేషిస్తే అవి మెర్క్యురస్ నైట్రైట్ స్ఫటికాలని తేలింది. ఆ రూపంలో పాదరసమూ నిలకడ లేనిదే, నైట్రైటూ నిలకడ లేనిదే. అలాంటి రెండూ కలిసి స్థిరమైన స్ఫటికంగా నిలవడం రసాయన శాస్త్రవేత్తలకు ఆశ్చర్యం కలిగించింది. 1896లో వెలువడిన ఈ ఫలితాన్ని లండన్ పత్రిక నేచర్ ప్రస్తావించింది. ఎన్నో దశాబ్దాల తర్వాత, 1980లలో ఎక్స్-కిరణాలతో ఆ స్ఫటికాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు దాని నిర్మాణాన్ని ధ్రువీకరించారు. నైట్రైట్ లవణాల అధ్యయనం రాయ్‌కు, ఆయన శిష్యులకు చాలా ఏళ్ల పాటు ప్రధాన క్షేత్రమైంది.

తాళపత్రాల్లో రసవిద్య

ప్రాచీన భారతీయ రసవిద్య చరిత్రపై రాయ్ ఆసక్తి ఒక ఉత్తరంతో బలపడింది. ఫ్రాన్స్‌కు చెందిన మార్సెలిన్ బెర్తలో నాటి ప్రముఖ రసాయన శాస్త్రవేత్తల్లో ఒకరు. గ్రీకు, అరబ్బు రసవాదాల చరిత్రనూ ఆయన రచించారు. భారతీయ రసవిద్య గురించి తెలుసుకోవాలన్న ఆయన కోరికకు స్పందించి, రాయ్ ఒక సంస్కృత రసగ్రంథంపై వ్యాసం రాసి పంపారు. బెర్తలో దానిపై 1898లో ఫ్రెంచి పత్రికలో సమీక్ష ప్రచురించారు. ఈ అంశంపై సమగ్ర గ్రంథం రాయడానికి ఆ ప్రోత్సాహమే పురికొల్పింది. తర్వాత ఐరోపా పర్యటనలో రాయ్ పారిస్ వెళ్లి బెర్తలోను స్వయంగా కలుసుకున్నారు.

ఈ పని ప్రయోగశాలలో ఒంటరిగా చేయగలిగినది కాదు. చిలుము పట్టిన, చెదలు తిన్న రాతప్రతులను వివిధ గ్రంథాలయాల నుంచి సేకరించాలి. పాఠభేదాలను సరిచూడాలి. సంస్కృత పరిభాషలోని పదార్థం నేటి ఏ రసాయనమో తేల్చాలి. ఇందులో పండిత నవకాంత కవిభూషణ్ ఏళ్ల తరబడి తోడుగా నిలిచారు. పండితుడు పాఠాన్ని విప్పి చెబితే, రాయ్ అందులోని ప్రక్రియను గుర్తించేవారు. హిందూ రసాయన శాస్త్ర చరిత్ర తొలి సంపుటం 1902లో, రెండో సంపుటం 1909లో వెలువడ్డాయి. రెండో సంపుటానికి తాత్త్వికుడు బ్రజేంద్రనాథ్ శీల్ ప్రాచీనుల భౌతిక, రసాయన సిద్ధాంతాలపై ఒక అధ్యాయం సమకూర్చారు. రసార్ణవం అనే గ్రంథాన్ని మరో పండితుడు హరిశ్చంద్ర కవిరత్నతో కలిసి రాయ్ పరిష్కరించి ప్రచురించారు.

ఆ చరిత్రను ఆయన కేవలం గర్వకారణంగా రాయలేదు. లోహాలను శుద్ధి చేసి, క్షారాలను తయారు చేసి, ప్రయోగానికి పెద్దపీట వేసిన జాతి ఎందుకు వెనుకబడిందని సూటిగా ప్రశ్నించారు. కులవ్యవస్థ కఠినమయ్యే కొద్దీ చేతిపనులు కింది వర్గాలకు పరిమితమయ్యాయని, ఆలోచించేవారికి పనిముట్టు దూరమైందని, పనిచేసేవారికి విద్య దూరమైందని ఆయన విశ్లేషించారు. చేతికీ మేధకూ మధ్య పడిన ఆ అగాధమే శాస్త్ర దృష్టి క్షీణించడానికి ఒక ప్రధాన కారణమని తేల్చారు. ఆ తీర్పు అందరికీ రుచించేది కాదు. అయినా ఆయన దానిని దాచలేదు. తన జీవితంలో ఆ అగాధాన్ని పూడ్చడానికే పూనుకున్నారు.

700 రూపాయలతో కర్మాగారం

1892లో రాయ్ 700 రూపాయల పెట్టుబడితో, 91 అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని అద్దె ఇంట్లో బెంగాల్ కెమికల్ సంస్థకు బీజం వేశారు. పట్టభద్రులు గుమాస్తా ఉద్యోగాల కోసం బారులు తీరడం, మందులన్నీ విదేశాల నుంచి దిగుమతి కావడం ఆయనను కలచివేశాయి. కసాయి దుకాణాల నుంచి ఎముకలు తెప్పించి, వాటి నుంచి సోడా ఫాస్ఫేట్ తయారు చేయడం తొలి ప్రయత్నాల్లో ఒకటి. మిద్దెపై ఎండబెట్టిన ఎముకల దుర్వాసనకు ఇరుగుపొరుగు గగ్గోలు పెట్టారు. కళాశాలలో పాఠాలు ముగించుకుని వచ్చిన ఆచార్యుడు, సాయంత్రం వేళ ఆ కొలిమి పనుల్లో నిమగ్నమయ్యేవారు.

ఈ ప్రయత్నంలోనూ తోడు నిలిచినవారున్నారు. వైద్యుడు అమూల్య చరణ్ బోస్ దేశీయ మూలికలను మందుల జాబితాలోకి తెచ్చారు. నేలవేము, పాలకొడిసె, అడ్డసరం సారాలు, వాము అర్కం వంటివి సంస్థ ఉత్పత్తులుగా వైద్యుల చేతికి అందాయి. రసాయన శాస్త్రం చదివిన యువకుడు సతీశ్ చంద్ర సిన్హా ప్రయోగశాల భారం మోశారు. విధి ఈ ఇద్దరినీ త్వరగా దూరం చేసింది. సతీశ్ చంద్ర ప్రమాదవశాత్తూ ప్రూసిక్ ఆమ్లం విషం సోకి మరణించారు. 1898లో అమూల్య చరణ్‌ను ప్లేగు వ్యాధి బలిగొన్నది. కుప్పకూలే స్థితి నుంచి సంస్థ నిలదొక్కుకుని, 1901లో లిమిటెడ్ కంపెనీగా మారింది. 1903లో చేరిన రాజశేఖర్ బసు దానిని సమర్థంగా నడిపించారు. పరశురామ్ అనే కలం పేరుతో వంగ సాహిత్యంలో హాస్య రచయితగా పేరొందినది ఆయనే. గంధకామ్లం వంటి మౌలిక రసాయనాలను సొంతంగా తయారు చేసుకునే స్థాయికి సంస్థ ఎదిగింది. 1980లో దానిని జాతీయం చేశారు. నేటికీ అది ప్రభుత్వరంగ సంస్థగా కొనసాగుతోంది.

పత్రంపై పక్కపక్కన పేర్లు

రాయ్ సాధించిన అన్నింటిలోకీ మిన్న అయినది ఆయన శిష్య బృందం. రసిక్ లాల్ దత్తా, నీల్ రతన్ ధర్, జితేంద్ర నాథ్ రక్షిత్, పంచానన్ నియోగి, హేమేంద్ర కుమార్ సేన్, బిమన్ బిహారీ డే, ప్రియదా రంజన్ రాయ్ వంటివారు ఆయన వద్ద తయారయ్యారు. వారి పేర్లు పరిశోధనా పత్రాలపై గురువు పేరు పక్కనే కనిపించేవి. 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన విద్యార్థుల్లో జ్ఞాన చంద్ర ఘోష్, జ్ఞానేంద్ర నాథ్ ముఖర్జీ, సత్యేంద్ర నాథ్ బోస్ ఉన్నారు. మేఘనాథ్ సాహా కొద్ది కాలానికే వారితో కలిశారు. బోస్, సాహాలు గణితం, భౌతిక శాస్త్రాల వైపు వెళ్లినా, రాయ్ తరగతి గదిలో పాఠాలు విన్నవారే.

1912లో లండన్ పర్యటన ఈ సమష్టి కృషికి గుర్తింపు తెచ్చింది. అమ్మోనియం నైట్రైట్‌ను వేడి చేస్తే నత్రజనిగా, నీరుగా విడిపోతుందని అందరికీ తెలుసు. గాలిని తొలగించిన పాత్రలో జాగ్రత్తగా వేడి చేస్తే అది చాలా మటుకు విడిపోకుండానే ఆవిరవుతుందని రాయ్ బృందం చూపింది. ఆ ఆవిరి సాంద్రతను కూడా కొలిచింది. లండన్ కెమికల్ సొసైటీ పత్రికలో వచ్చిన ఆ పత్రంపై రాయ్‌తో పాటు నీల్ రతన్ ధర్, తిన్‌కౌరీ డే పేర్లున్నాయి. సభలో ఈ ఫలితాన్ని విన్న విలియం రామ్సే ఆయనను అభినందించారు.

శిష్యుడు తనను మించి ఎదిగితే రాయ్ ఆనందించేవారు. 1918లో ఘోష్ బలమైన విద్యుద్విశ్లేష్యాల ప్రవర్తనపై సిద్ధాంతం ప్రతిపాదించి, గురువు పేరు లేకుండా తన పేరుతోనే ప్రచురించారు. అది ఐరోపా శాస్త్రవేత్తలలో విస్తృత చర్చకు దారితీసింది. 1923లో డిబై, హ్యూకెల్ రూపొందించిన మరింత సమగ్రమైన సిద్ధాంతం దాని స్థానాన్ని ఆక్రమించింది. అయినా ప్రపంచ శాస్త్ర చర్చలో పాల్గొనే స్థాయికి కలకత్తా చేరుకున్నదని ఆ ఘట్టం నిరూపించింది.

ఈ శిష్యులు ఒకే చోట గుమికూడి ఉండిపోలేదు. ధర్ అలహాబాద్‌లో భౌతిక రసాయన శాస్త్రానికి పునాది వేశారు. బిమన్ బిహారీ డే మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వచ్చి, తెలుగు జిల్లాలు కూడా అంతర్భాగమైన నాటి మద్రాసు రాష్ట్రంలో కర్బన రసాయన పరిశోధనకు ఊపిరి పోశారు. ఘోష్ కొంతకాలానికి ఖరగ్‌పూర్ ఐఐటీకి తొలి డైరెక్టర్ అయ్యారు.

శాస్త్రవేత్తలకు ఒక వేదిక

1916లో ప్రెసిడెన్సీ కళాశాల నుంచి విశ్రాంతి తీసుకున్న రాయ్‌ను, కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన ఆశుతోష్ ముఖర్జీ కొత్త సైన్స్ కళాశాలకు ఆహ్వానించారు. తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే న్యాయవాదుల విరాళాలతో ఆ కళాశాల ఏర్పడింది. ఆ ఆచార్య పదవులు భారతీయులకే దక్కాలన్నది దాతల నియమం. రసాయన శాస్త్రంలో తొలి పాలిత్ ఆచార్యుడిగా రాయ్ నియమితులయ్యారు. 1919లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1920లో భారత సైన్స్ కాంగ్రెస్ నాగపూర్ సమావేశానికి అధ్యక్షత వహించారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక లండన్‌లో పరిశోధన చేస్తున్న ఘోష్, ముఖర్జీ, శాంతి స్వరూప్ భట్నాగర్ ఒక ఆలోచన చేశారు. భారతీయ రసాయన శాస్త్రవేత్తలు తమ ఫలితాలను విదేశీ పత్రికలకే పంపవలసి వస్తున్నదని, దేశంలో పరస్పరం చర్చించుకునే వేదిక లేదని వారు గ్రహించారు. స్వదేశానికి తిరిగి వచ్చాక గురువు అండతో ఆ ఆలోచన కార్యరూపం దాల్చింది. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ ఏర్పడింది. రాయ్ అధ్యక్షుడు, ముఖర్జీ కార్యదర్శి. సొసైటీ త్రైమాసిక పత్రిక కూడా వెలువడింది. కలకత్తా, అలహాబాద్, లాహోర్ వంటి దూర నగరాల్లో ఎవరికి వారుగా ఉన్న శాస్త్రవేత్తలు ఒకే పత్రిక పుటల్లో కలుసుకునే అవకాశం ఏర్పడింది.

జీతం విశ్వవిద్యాలయానికే

1921లో అరవై ఏళ్లు నిండినప్పటి నుంచి రాయ్ తన జీతమంతా రసాయన శాస్త్ర విభాగం అభివృద్ధికి విశ్వవిద్యాలయానికే వదిలివేశారు. 1922లో పదివేల రూపాయలు విరాళమిచ్చి, రసాయన పరిశోధనకు నాగార్జునుడి పేరిట బహుమతి నెలకొల్పారు. శ్రీపర్వతంతో, కృష్ణా తీరంతో తెలుగువారి స్మృతిలో ముడిపడిన పేరు అది. ఆ పేరుతో ప్రసిద్ధుడైన బౌద్ధ దార్శనికుడు, రసవాది ఒకరా వేరా అనే చర్చ నేటికీ ఉంది. ప్రాచీన రసవిద్యకూ, యువ పరిశోధకుడి బల్లకూ నడుమ రాయ్ ఆ పేరుతో ఒక వారధి కట్టారు.

1922లో ఉత్తర బెంగాల్‌ను వరదలు ముంచెత్తినప్పుడు అరవై ఏళ్లు దాటిన ఆచార్యుడు సహాయ సమితికి నాయకత్వం వహించారు. సైన్స్ కళాశాల గదులు బియ్యం, బట్టల మూటలతో నిండిపోయాయి. విద్యార్థులు స్వచ్ఛంద సేవకులయ్యారు. సుభాష్ చంద్ర బోస్ బాధిత ప్రాంతాల్లో సహాయ కార్యక్రమాలు చూశారు. గాంధీజీతో 1901లో గోఖలే ద్వారా ఏర్పడిన పరిచయం స్నేహంగా మారింది. రాయ్ ఖద్దరు ధరించి, రాట్నాన్ని ప్రచారం చేశారు. కర్మాగారం స్థాపించిన రసాయన శాస్త్రవేత్త రాట్నాన్ని సమర్థించడం కొందరికి వైరుధ్యంగా తోచింది. వరద, కరవు బాధితులను దగ్గర నుంచి చూసిన ఆయనకు మాత్రం, పొలం పని లేని నెలల్లో పల్లె జనానికి పని దొరకడమే ముఖ్యం.

అవివాహితుడిగా ఉండిపోయిన రాయ్, సైన్స్ కళాశాల భవనంలోనే ఒక సాదా గదిలో చివరి దశాబ్దాలు గడిపారు. ఒక మంచం, కొన్ని బట్టలు, పుస్తకాలు, వెంట ఉండి చదువుకునే కొందరు పేద విద్యార్థులు, ఇదే ఆయన సంసారం. ఒక బెంగాలీ రసాయన శాస్త్రవేత్తగా తన జీవితానుభవాలను 1932లో, 1935లో రెండు సంపుటాలుగా వెలువరించారు. 1936లో 75వ ఏట పదవీ విరమణ చేశారు. 1944 జూన్ 16న ఆ గదిలోనే, శిష్యుల సమక్షంలో తుది శ్వాస విడిచారు.

రాయ్ పేరుపై నూరుకు పైగా పరిశోధనా పత్రాలున్నాయి. ఆయన తర్వాత రసాయన శాస్త్రం ఎంతో ముందుకు సాగింది. ఆయన పరికరాలు, పద్ధతులు పాతబడ్డాయి. ఒక్కడే మేధావి వెలిగి ఆరిపోతే దేశానికి ఒరిగేదేమీ లేదని, ఒకరి పని మరొకరు అందుకునే పరంపర కావాలని గ్రహించి, అందుకోసం తన కీర్తిని, జీతాన్ని, జీవితాన్ని పంచి ఇవ్వడం మాత్రం పాతబడలేదు. 2011లో ఆయన 150వ జయంతి సందర్భంగా బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ఆయనకు స్మారక ఫలకాన్ని అంకితం చేసింది. ఐరోపా వెలుపల ఒక శాస్త్రవేత్తకు ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి. 1889లో తక్కువ శ్రేణి ఉద్యోగం మాత్రమే దక్కిన ఆచార్యుడికి, నాటి పాలక దేశపు శాస్త్ర సమాజం నుంచే అందిన గుర్తింపు అది.